సముద్రం లేని జిల్లాల నుంచి సముద్రం అడుగుకు.. స్కూబా డైవింగ్ ఎక్కడ చేయాలి? నీళ్ల కింద ఏం కనిపిస్తాయి? బోటెక్కే ముందు ఏం అడగాలి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: ఫోన్‌లో ఒక వీడియో. నీలం నీళ్లు.. నారింజ రంగు చేపలు.. వీపున సిలిండర్‌తో ఓ కుర్రాడు కెమెరా వైపు చూస్తూ రెండు బొటనవేళ్లు పైకెత్తాడు. 30 సెకన్లలో వీడియో అయిపోయింది. చూసిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న.. ఇదెక్కడ? మనం కూడా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కానీ ముందు ఒక్క విషయం తెలుసుకోండి. ఆ కుర్రాడు పెట్టిన బొటనవేలు సైగకు నీళ్ల కింద అర్థం 'సూపర్' అని కాదు. 'నేను పైకి వెళ్లాలి' అని! అంతా బాగానే ఉందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇంత చిన్న విషయం తెలియకపోయినా డైవ్ మధ్యలోనే ఆగిపోతుంది. ఇంకొన్ని విషయాలు తెలియకపోతే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది.

మన మూడు జిల్లాల్లో ఏ ఊరి నుంచి చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అందుకే అక్కడికి వెళ్లాక ఏజెంట్ ఏం చెబితే అదే నమ్మాల్సి వస్తుంది. ఆ పరిస్థితి రాకుండా స్పాట్లు, చేపలు, సీజన్లు, జాగ్రత్తలు అన్నీ ఒకే చోట ఇస్తున్నాం.

అసలు స్కూబా అంటే ఏంటి?

ఊపిరికి కావాల్సిన గాలిని మన వీపు మీదే మోసుకుంటూ నీళ్ల కిందికి వెళ్లడం. అంతే. బొగ్గు గనిలో ప్రమాదం జరిగినప్పుడు రెస్క్యూ టీమ్ బ్రీతింగ్ సెట్ వేసుకుని లోపలికి వెళ్లడం భూపాలపల్లి వాళ్లకు కొత్త కాదు. ఆలోచన అదే, చోటు వేరు. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ 1943లో తయారు చేసిన 'ఆక్వాలంగ్' పరికరంతో ఇప్పటి స్కూబా మొదలైంది.

చాలామంది దాన్ని ఆక్సిజన్ సిలిండర్ అంటారు. అది తప్పు. అందులో ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే. వడకట్టి, బాగా ఒత్తి నింపుతారు. దాదాపు 21 శాతం ఆక్సిజన్, మిగతాది ఎక్కువగా నైట్రోజన్. ఈ నైట్రోజన్‌తోనే అసలు కథంతా ఉంది. అది కింద చెప్పుకుందాం.

ఇంకో మాట. స్కూబా, స్నార్కెలింగ్, సీ వాక్ ఒకటి కావు. స్నార్కెలింగ్‌లో నీటి పైన తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తారు. సీ వాక్‌లో పెద్ద హెల్మెట్ పెట్టి, పైనుంచి పైపుతో గాలి పంపుతూ అడుగున నడిపిస్తారు. మీరు డబ్బు కట్టేది దేనికో ముందే క్లారిటీ తీసుకోండి.

బావిలో ఈత కొట్టిన వాళ్లకు సగం పాఠం తెలిసినట్టే

నడుముకు ఖాళీ డబ్బా కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నోళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. పందెం కాసి అడుగున మట్టి తెచ్చిన వాళ్లను అడగండి. కిందికి పోతుంటే ముందు ఏమైందంటే.. 'చెవులు పోటెత్తినయి' అంటారు.

అది నీటి ఒత్తిడి. ఒడ్డు మీద మన మీద ఉండే గాలి ఒత్తిడిని ఒకటి అనుకుంటే, 10 మీటర్ల లోతులో అది రెండవుతుంది. 20 మీటర్లకు మూడు. పది గజాల బావి అడుగున కూడా దాదాపు రెట్టింపు ఒత్తిడి ఉంటుంది. చెవి లోపలున్న గాలి కుదించుకుపోయి కర్ణభేరి లోపలికి నొక్కుకుంటుంది. నొప్పి దాని వల్లే.

స్కూబాలో మొదట నేర్పేది దీనికి విరుగుడే. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి గాలి ఊదాలి. చెవుల్లో చిన్నగా 'టక్' మంటుంది. దీన్ని ఈక్వలైజ్ చేయడం అంటారు. నొప్పి వచ్చాక కాదు.. రాకముందే, ప్రతి మీటరుకు ఒకసారి చేయాలి. నొప్పి వస్తే బలంగా ఊదొద్దు. కొంచెం పైకి వచ్చి మళ్లీ ట్రై చేయాలి. జలుబు ఉన్న రోజు డైవ్ వద్దనేది కూడా ఇందుకే.

అయితే బావి నేర్పిన ఇంకో అలవాటు మాత్రం ఇక్కడ డేంజర్. బావిలో మునిగితే ఊపిరి బిగబడతాం. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వచ్చారనుకోండి. ఒత్తిడి సగానికి తగ్గుతుంది, ఆ గాలి రెట్టింపు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మంచి ఈతగాళ్లు కూడా భయపడిన క్షణంలో చేసే తప్పు ఇదే. అందుకే ఈత వచ్చా రాదా అన్నదాని కంటే ఈ రూల్ గుర్తుండటం ముఖ్యం.

మన తీరంలో పగడాలు ఎందుకు తక్కువ? జవాబు కాళేశ్వరం దగ్గరే ఉంది!

రంగురంగుల వీడియోల్లో కనిపించేవి పగడపు దిబ్బలు. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు ఉన్నవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ, పాక్ బే, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ. లిస్టులో ఆంధ్ర తీరం లేదు. అంత పొడవు తీరం ఉండి కూడా ఎందుకు లేదు?

పగడం మొక్క కాదు, రాయి కాదు. అదొక జీవి. చిన్న చిన్న పాలిప్‌లు కలిసి సున్నపు ఇల్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు ఉంటాయి. ఎండ తగిలితే ఆ శైవలాలు ఆహారం తయారు చేసి పగడానికి పెడతాయి. అంటే పగడానికి మూడు కావాలి.. వెచ్చని నీళ్లు, తగినంత ఉప్పు, ఎండ లోపలిదాకా దిగేంత తేటదనం.

ఇప్పుడు భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర వానాకాలంలో గోదావరిని గుర్తు తెచ్చుకోండి. ప్రాణహిత వచ్చి కలిశాక నీళ్లు ఎర్రటి మట్టి రంగులో ఉరకలేస్తుంటాయి. నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించే గోదావరి ఆ మట్టిని, మంచినీళ్లను బంగాళాఖాతంలో కలుపుతుంది. మహబూబాబాద్ ఆకేరు నీళ్లు మున్నేరులో, అక్కడి నుంచి కృష్ణలో కలిసి అదే సముద్రానికి పోతాయి. పైన మహానది, ఇంకా పైన గంగ కూడా అంతే. ఉప్పు తగ్గుతుంది, నీళ్లు మసకబారతాయి. దాంతో ఆంధ్ర తీరంలో పెద్ద దిబ్బలు పెరగలేదు.

అంటే సముద్రం మనకు దూరమే కానీ సంబంధం లేనిది కాదు. మన వాగులో పడేసిన ప్లాస్టిక్ కవర్ కూడా ఇదే దారిలో పోతుంది. సముద్ర తాబేళ్లకు జెల్లీఫిష్ ఇష్టమైన మేత. నీళ్లలో తేలే కవర్ వాటికి జెల్లీఫిష్ లాగే కనిపిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? స్పాట్ల వారీగా..

1. విశాఖపట్నం: మనకు అన్నిటికంటే దగ్గర

మహబూబాబాద్ నుంచి కాజీపేట–విజయవాడ లైన్ మీదుగా విశాఖ రైళ్లు ఉన్నాయి. జనగామ వాళ్లు సికింద్రాబాద్–కాజీపేట లైన్‌లో ఎక్కొచ్చు. భూపాలపల్లి వాళ్లు వరంగల్ వచ్చి రైలు పట్టుకోవాలి.

రుషికొండ బీచ్ దగ్గర కొత్తవాళ్లకు డైవ్‌లు చేయిస్తారు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలో మునిగిపోయిన ఓడ శకలాల దగ్గర కూడా డైవింగ్ ఉంది. ఇక్కడ పగడపు తోటలు ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడ చూడాల్సింది రాళ్లు, వాటి సందుల్లో బతికే జీవులు.. లయన్ ఫిష్, మోరే ఈల్, బటర్‌ఫ్లై ఫిష్, సీ అనిమోన్. మునిగిన ఓడ ఇనుముకు నత్తలు, గుల్లలు అతుక్కుంటాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వస్తాయి. కొన్నేళ్లకు ఆ ఓడ ఒక ఊరైపోతుంది.

విశాఖ అనగానే చాలామంది అడిగేది 'ఘాజీ' గురించి. రానా నటించిన సినిమాతో అందరికీ తెలిసిన పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ 1971 డిసెంబర్ 3–4 రాత్రి విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది. ఆ శకలాలను భారత నౌకాదళం తన రెస్క్యూ వాహనంతో గుర్తించినట్టు 2024లో వార్తలొచ్చాయి. కానీ అది టూరిస్ట్ స్పాట్ కాదు. అందులో ఉన్న సిబ్బందికి అదే సమాధి. ఘాజీ దగ్గరికి డైవ్ చేయిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. జలాంతర్గామి లోపల ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్కే బీచ్‌లో కురుసుర మ్యూజియం ఉంది.

2. అండమాన్: మొదటి డైవ్‌కు బెస్ట్

హైదరాబాద్ నుంచి విమానంలో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాలి. 2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ వెళ్తారు. 2018 వరకు వీటి పేర్లు హావ్‌లాక్, నీల్.

కొత్తవాళ్లకు స్వరాజ్ ద్వీప్‌లో నీమో రీఫ్ లాంటి తక్కువ లోతు స్పాట్లు సరిపోతాయి. ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. పేరుకు తగ్గట్టే నీమో చేపలు కనిపిస్తాయి. డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్ లాంటివి లోతైనవి. సర్టిఫికెట్, అనుభవం ఉన్నవాళ్లకే. ఫొటోలు చూసి మొదటి రోజే అక్కడికి తీసుకెళ్లమని పట్టుబట్టొద్దు. మంచి రోజుల్లో నీళ్లలో 15 నుంచి 30 మీటర్ల దూరం వరకు కనిపిస్తుంది. సీజన్ సాధారణంగా అక్టోబర్ చివరి నుంచి మే మొదటి వారాల దాకా.

3. లక్షద్వీప్: నీళ్లు అద్దం.. కానీ పర్మిట్ కావాలి

2024 జనవరిలో ప్రధాని మోదీ స్నార్కెలింగ్ ఫొటోలు పెట్టాక ఈ దీవుల పేరు మోగిపోయింది. కవరత్తి, కద్మత్, బంగారం, అగత్తి దీవుల దగ్గర డైవింగ్ ఉంది. అగత్తి చుట్టూ పచ్చ తాబేళ్లు ఫేమస్. వెళ్లేందుకు కొచ్చి ద్వారం లాంటిది. భారతీయులకు కూడా ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి. టికెట్ కంటే ముందు పర్మిట్ సంగతి చూసుకోండి.

4. నేత్రాణి, కర్ణాటక

మురుడేశ్వర్ ఆలయానికి వెళ్లే మనవాళ్లు చాలామందే. ఆ పెద్ద శివుడి విగ్రహం ఉన్న తీరం నుంచి గంటకు పైగా బోటులో వెళ్తే నేత్రాణి దీవి వస్తుంది. పైనుంచి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది. చేపల గుంపులకు ఇది మంచి స్పాట్. వానాకాలంలో బంద్.

5. గోవా, మాల్వణ్, పుదుచ్చేరి

గోవాలో గ్రాండ్ ఐలాండ్ దగ్గర డైవ్‌లు జరుగుతాయి. అక్కడి సూజీస్ రెక్ అనే పాత ఓడ కూడా పాపులర్. అయితే నీళ్లు చాలా రోజులు మసకగానే ఉంటాయి. మహారాష్ట్రలోని మాల్వణ్‌లో సింధుదుర్గ్ కోట పక్కనే తక్కువ లోతులో చేయిస్తారు. పుదుచ్చేరిలో టెంపుల్ రీఫ్ మనుషులు కట్టిన దిబ్బ. పడేసిన వస్తువులు, కాంక్రీట్ దిమ్మలు ముంచితే చేపలు వచ్చి చేరాయి.

విదేశాల సంగతేంటి?

డబ్బు, సెలవులు ఉన్నవాళ్లు థాయ్‌లాండ్, మాల్దీవులు చూస్తారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మలేషియా, పపువా న్యూగినీ మధ్య సముద్రాన్ని 'కోరల్ ట్రయాంగిల్' అంటారు. ప్రపంచంలోని పగడాల జాతుల్లో దాదాపు ముప్పావు వంతు అక్కడే ఉన్నాయి. కానీ మొదటి డైవ్‌కు అంత దూరం అక్కర్లేదు.

నీళ్ల కింద ఎవరెవరు కనిపిస్తారు?

సముద్రం అడుగులో పగడపు దిబ్బలు ఒక్క శాతం కూడా ఉండవు. కానీ సముద్ర జీవజాతుల్లో దాదాపు పాతిక శాతం ఏదో ఒక దశలో వాటి మీదే ఆధారపడతాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవీ..

నీమో చేప (క్లౌన్ ఫిష్): సీ అనిమోన్ ముళ్లు మిగతా చేపలను కుడతాయి. దీన్ని మాత్రం ఏమీ చేయవు. దీని ఒంటి మీది జిగురు పొరే కాపాడుతుంది. ఇంకో విచిత్రం.. ఇవన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా ఉంటుంది. అది చనిపోతే తర్వాతి పెద్ద మగ చేప ఆడదిగా మారుతుంది.

చిలుక చేప (పారట్ ఫిష్): చిలుక ముక్కులాంటి పళ్లతో పగడాన్ని, దాని మీది పాచిని కొరుకుతుంది. తిన్న సున్నాన్ని ఇసుకగా వదులుతుంది. దీవుల్లో మీరు ఫొటో దిగే తెల్ల ఇసుకలో చాలా భాగం దీని పుణ్యమే. నీళ్ల కింద నిశ్శబ్దంగా ఉంటే ఇది కొరికే 'కటకట' వినిపిస్తుంది కూడా.

మోరే ఈల్: రాతి సందులోంచి పాములా తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కరవడానికి కాదు, ఊపిరి కోసం. చేయి మాత్రం సందులో పెట్టొద్దు.

లయన్ ఫిష్, స్టోన్ ఫిష్: మొదటిది నెమలి పింఛంలా అందంగా ఉంటుంది. రెండోది అచ్చం రాయిలా ఉంటుంది. రెండింటి ముళ్లలోనూ విషమే. అడుగున కాలు మోపొద్దు, రాయి పట్టుకోవద్దు అని చెప్పేది వీటి వల్లే.

ఆక్టోపస్: మూడు గుండెలు, నీలం రక్తం. మీ కళ్ల ముందే రంగు మార్చి రాయిలో కలిసిపోతుంది. గైడ్ చూపిస్తే తప్ప కనిపెట్టలేరు.

తాబేళ్లు: అండమాన్, లక్షద్వీప్‌లో పచ్చ తాబేలు, హాక్స్‌బిల్ కనిపిస్తాయి. ఆంధ్ర తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇవి కూడా మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి. పైకి వెళ్లే దారికి అడ్డు రావద్దు.

వేల్ షార్క్: ప్రపంచంలోనే అతి పెద్ద చేప. 12 మీటర్లు దాటి పెరుగుతుంది. పేరు షార్క్ అయినా తినేది ప్లవకాలు, చిన్న చిన్న చేపలు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒకటి ఒడ్డుకు చిక్కుకుంటే అటవీ శాఖ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి లోతు నీళ్లలోకి పంపారు.

డుగాంగ్: సముద్రపు ఆవు అంటారు. సముద్రపు గడ్డి మేసే క్షీరదం. అండమాన్ నికోబార్ రాష్ట్ర జంతువు ఇదే. తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ బేలో దీని కోసం ప్రత్యేకంగా రిజర్వ్ ప్రకటించింది. డైవర్లకు కనిపించడం చాలా అరుదు.

వీడియోలో ఉన్నంత రంగుగా నాకు కనిపించలేదేంటి అని చాలామంది అంటారు. నీళ్లు ముందుగా ఎరుపు రంగును మింగేస్తాయి. కొన్ని మీటర్లు దిగగానే ఎర్ర చేప కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. వీడియోల్లో రంగులన్నీ టార్చి లైటు, ఎడిటింగ్ మహిమ.

పైకి రావడమే అసలు పరీక్ష

సోడా సీసా మూత ఒక్కసారిగా తీస్తే ఏమవుతుంది? బుడగలు పొంగుతాయి. ఒత్తిడిలో ఉన్నప్పుడు మన రక్తంలో, కండరాల్లో నైట్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరి ద్వారా బయటకు పోతుంది. తొందరపడితే సోడాలాగే ఒంట్లో బుడగలు కడుతుంది. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, తలతిరగడం.. తీవ్రమైతే పక్షవాతం వరకూ వెళ్తుంది.

అందుకే డైవర్లు మీ బుడగల కంటే వేగంగా పైకి రావొద్దు అంటారు. లోతు డైవ్‌లలో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి వస్తారు.

విమానంలో వెళ్లేవాళ్లు దీన్ని రాసి పెట్టుకోండి: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు అంతకంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. విమానంలో గాలి ఒత్తిడి తక్కువ. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టొచ్చు. అండమాన్ ట్రిప్‌లో డైవ్‌ను చివరి రోజు పెట్టుకోవద్దు. ఉదయం డైవ్, మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైట్ అనే ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు.

ఎవరు చేయకూడదు?

ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్ సలహా లేకుండా దిగొద్దు. గర్భిణులు అసలే వద్దు. మందు తాగి దిగొద్దు, ముందు రోజు రాత్రి ఎక్కువైనా మానుకోండి.

డైవ్‌కు ముందు ఒక హెల్త్ ఫారం ఇస్తారు. 'అన్నిటికీ నో అని రాసేయండి, లేకపోతే పంపరు' అనే సలహా వినిపిస్తుంటుంది. ఆ ఫారం సెంటర్‌ వాళ్ల కోసం కాదు, మీ కోసం. ఒడ్డు మీద దాచిన ఆస్తమా నీళ్ల కింద దాగదు. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

బోటెక్కే ముందు ఈ 7 ప్రశ్నలు అడగండి

1. నాతో నీళ్లలోకి దిగే ఇన్‌స్ట్రక్టర్ ఎవరు? ప్యాడీ, ఎస్ఎస్ఐ లాంటి సంస్థ సర్టిఫికెట్ చూపిస్తారా?
2. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? మొదటి డైవ్‌కు పక్కనే ఒకరు మీకోసమే ఉంటే మంచిది.
3. ఎంత లోతుకు తీసుకెళ్తారు? ట్రయల్ డైవ్‌కు 12 మీటర్లే హద్దు.
4. ముందు తక్కువ నీళ్లలో ప్రాక్టీస్ చేయిస్తారా? చెవులు, మాస్క్‌లో నీళ్లు తీయడం, సైగలు నేర్పకుండా నేరుగా దింపితే వద్దనండి.
5. బోటులో ఎమర్జెన్సీ ఆక్సిజన్, ఫస్ట్ ఎయిడ్ ఉందా?
6. ఏమైనా అయితే దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ ఉన్న ఆసుపత్రి ఏది?
7. సముద్రం బాగాలేక క్యాన్సిల్ అయితే డబ్బు వాపస్ ఇస్తారా? ఈ జవాబు రాసి ఇవ్వమనండి. 'వాపస్ లేదు' అంటే అలలు ఉన్నా దిగమని ఒత్తిడి చేసే ప్రమాదం ఉంది.

ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట డైవ్ చేయొద్దు. మంచి సెంటర్ వాళ్లు అడగకముందే చెబుతారు.

ఈత రాకపోయినా చేయొచ్చా?

ట్రయల్ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు. కనీస వయసు 10 ఏళ్లు. కానీ అది లైసెన్స్ కాదు, ఒక్కసారి రుచి చూడటమే. సొంతంగా తోడుతో డైవ్ చేయాలంటే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. అందులో 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం టెస్టులు ఉంటాయి. పాసైతే 18 మీటర్ల వరకు వెళ్లొచ్చు. అడ్వాన్స్‌డ్ చేస్తే 30. సరదా డైవింగ్‌కు ఆఖరి హద్దు 40 మీటర్లు.

బావిలో, చెరువులో ఈత నేర్చిన మనవాళ్లకు ఆ టెస్టు పెద్ద కష్టం కాదు. అయితే వీడియోలు చూసి బయ్యారం చెరువులోనో, క్వారీ గుంతలోనో సిలిండర్‌తో ప్రయోగాలు మాత్రం చేయొద్దు. మసక నీళ్లు, తుమ్మ కంపలు, వలలు.. పక్కన మనిషి కూడా కనిపించడు.

చూడండి.. ముట్టుకోకండి

పగడాల మీద చేయి పెడితే పైపొర దెబ్బతింటుంది. కాలి ఫిన్ తగిలితే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ విరుగుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పగడాలు, వేల్ షార్క్, సముద్ర గుర్రం, సీ కుకుంబర్‌లకు రక్షణ ఉంది. గుర్తుగా ఒక పగడం ముక్క బ్యాగులో వేసుకున్నా నేరమే.

అసలు ముప్పు మాత్రం వేడి. సముద్రం మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు.. పగడం తనలోని శైవలాలను బయటకు వదిలేస్తుంది. రంగు పోయి తెల్లగా ఎముకలా మారుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. వెంటనే చావదు, కానీ ఆకలితో ఉంటుంది. నీళ్లు చల్లబడితే కోలుకుంటుంది, లేదంటే పోతుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగో బ్లీచింగ్ జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర సంస్థ నోవా ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబడినట్టు మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు గుర్తించారు. అండమాన్‌లో 2010లోనే పెద్ద దెబ్బ తగిలింది.

మీరు వెళ్లినప్పుడు తెల్లటి పగడం కనిపిస్తే 'వావ్' అనుకోకండి. అది అందం కాదు, జబ్బు.

చివరగా..

మొదటి డైవ్‌కు డబ్బు తక్కువైతే విశాఖ, నీళ్లు తేటగా ఉండాలంటే అండమాన్. వానలు, తుఫాన్ల సీజన్ దాటాకే టికెట్లు తీసుకోండి. ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి. అలలుంటే రేపు దిగొచ్చు, చివరి రోజు ఒంట్లోని నైట్రోజన్ దిగిపోతుంది.

నీళ్ల కింద భయం వేస్తే సిగ్గుపడొద్దు. మొదట చెప్పిన బొటనవేలు గుర్తుందిగా? పైకెత్తండి. ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు అని అడగకుండా నెమ్మదిగా పైకి తీసుకొస్తారు. ఊపిరి మాత్రం బిగబట్టకండి.